ఘాట్ దిగుతుంటే పడిన ముడి

మా గల్లీలో ఎవరికైనా గాలి సోకిందని మంత్రగాణ్ణి పిలిస్తే ముందుగా నవ్వేది నేనే. నేను సిరిసిల్లలో సాంచాలు బాగుచేస్తాను. సాంచా అంటే మా దగ్గర మరమగ్గం. అది ఆగిందంటే దానికో కారణం ఉంటుంది. బెల్టు జారుతుంది, బోల్టు వదులవుతుంది, మోటారు కాలుతుంది. వెతికితే దొరుకుతుంది. కారణం దొరకని సాంచా ఇన్నేళ్లలో ఒక్కటీ నాకు తగల్లేదు. అందుకే ఎవరు దయ్యం కథ మొదలుపెట్టినా, నువ్వు సరిగ్గా వెతకలేదు పో అని కొట్టిపారేసేవాణ్ణి.

ఇప్పుడు చెప్పేదాన్ని కూడా నేను వెతికాను. చాలా రోజులు వెతికాను.

నా తమ్ముడు మహేందర్ ఆదిలాబాద్‌లో పనిచేసేవాడు. పొలాల్లో సోలార్ మోటార్లు బిగించే కంపెనీ. వాడికి సాంచాల మోత పడలేదు. షెడ్డులో కూర్చుంటే తలకాయ పగులుతోందని చెప్పి చిన్న వయసులోనే బయటపడ్డాడు. రూము అద్దెకు తీసుకుని ఒక్కడే ఉండేవాడు. పెళ్లి చేసుకోరా అంటే నవ్వేవాడు. వాడి పెళ్లాం, పిల్లలు అన్నీ ఆ బండే అని మా ఆవిడ ఎగతాళి చేసేది.

బండి అంటే మనం కూరగాయలకు వేసుకుపోయే బండి కాదు. దూరప్రయాణాల కోసం చేసిన పెద్ద మోటార్ సైకిల్. ముందు గాలిని ఆపే అద్దం, వెనక రెండు పక్కలా సామాన్ల పెట్టెలు, గుర్రమంత ఎత్తు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. దాని మీద లడఖ్ దాకా పోయొచ్చాడు. పోయొచ్చిన ప్రతిసారీ గొలుసు కడిగి, నూనె పెట్టి, టైర్లలో గాలి చూసి, చక్రాల్లో ఒక్కొక్క పుల్లనూ వేలితో మీటి వదులుందేమో చూసేవాడు. క్లచ్ వైరు తెగితే అడవిలో ఇబ్బంది అని, పాత వైరు పక్కనే కొత్త వైరు కూడా ముందే టేపు చుట్టి పెట్టాడు. ఎక్కడ ఆపినా ముందు చక్రానికి ఒక తాళం, వెనక చక్రంలోంచి గేటుకు గొలుసు తాళం, పైన కవరు. అంత జాగ్రత్తగల మనిషి, రూముకు తాళం వేయడం మాత్రం మర్చిపోయేవాడు.

సామాన్లు కట్టడానికి అందరూ కొక్కేల రబ్బరు తాళ్లు వాడతారు. మహేందర్ మామూలు తాడు వాడేవాడు. తాడుకు తాడు కలపాలంటే మా ముడే వేసేవాడు. సాంచా మీద పోగు తెగితే రెండు కొసలను కలిపి మేం వేసే చిన్న ముడి అది. పద్మశాలి ఇంట్లో పుట్టినవాడికి అక్షరాలకన్నా ముందు అది వస్తుంది. మా ఇద్దరికీ బాపే, అంటే మా నాన్నే నేర్పాడు.

కానీ మహేందర్‌ది ఎడమచేతి వాటం. మేం వేసే ముడిలో మిగిలిన రెండు కొసలూ ఒకే పక్కకు వస్తాయి. వాడు వేస్తే ఒకటి పైకి, ఒకటి కిందికి వచ్చేది. అలాంటి ముడి లాగితే జారుతుందని పెద్దవాళ్ల మాట. బాపు వాడి చేతి మీద కొట్టి కొట్టి నేర్పాడు. వాడి చెయ్యి మారలేదు. చివరికి బాపు విసిగిపోయి, "పుర్రచేతి ముడి. నీ ముడి నిలువదురా" అని వదిలేశాడు.

ఆ మాట తర్వాత అన్నిటికీ వాడుకైంది. మహేందర్ సాంచాలు వదిలినప్పుడూ అదే అన్నాడు. ఉద్యోగం మారినప్పుడూ అదే. బండి కొన్నప్పుడు మరీ గట్టిగా అన్నాడు.

కిందటి దసరాకు మహేందర్ బండి మీదే వచ్చాడు. అప్పటికి బాపుకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పూర్తిగా పడిపోయింది. మనిషి ఇల్లు కదలడం లేదు. "రా బాపు, వేములవాడ పోయొద్దాం. ఎన్క కూసో, నిన్ను నా నడుముకు కట్టుకుంట" అన్నాడు మహేందర్. బాపు ముఖం తిప్పుకుని, "నువ్వు కట్టిన ముడిని నమ్మి నేను సావాల్నా?" అన్నాడు. వాడు నవ్వాడు. నవ్వుతూనే హెల్మెట్ పెట్టుకుని ఆ సాయంత్రమే వెళ్లిపోయాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకున్న ఆఖరి మాట అదే.

వానలు మొదలయ్యాక వాడికి జ్వరం వచ్చింది. ఏదో వైరల్ అనుకుని రూములోనే పడుకున్నాడు. రూము అద్దెకిచ్చిన ఇంటాయన చూసి దవాఖానాలో వేసేసరికి ఆలస్యమైంది. నేను ఆదిలాబాద్ చేరేసరికి మాట లేదు. మర్నాడు ప్రాణం పోతే అంబులెన్సులో ఇంటికి తెచ్చాను. బాపు ఏడవలేదు. పాడె లేచేటప్పుడు కూడా ఏడవలేదు. గోడ పట్టుకుని నిలబడి, అందరినీ పరాయివాళ్లను చూసినట్టు చూశాడు. మనిషికి ఏమైనా అవుతుందేమోనని నాకు భయం పట్టుకుంది. అన్నం సయించడం లేదు, నిద్ర లేదు. తన మాటే కొడుక్కు తగిలిందని లోపల తొలిచేసుకుంటున్నాడని మా అందరికీ తెలుసు.

దినాలు అయ్యాక రూము ఖాళీ చేయమని ఇంటాయన ఫోన్ చేశాడు. బండి కూడా అక్కడే ఉంది. నేను బయల్దేరుతుంటే బాపు చొక్కా వేసుకుని గడపలో నిలబడ్డాడు. వాడున్న రూము ఒక్కసారి చూస్తానన్నాడు. కాదనలేకపోయాను.

రూములో చూడ్డానికేం లేదు. ఒక మంచం, రెండు గిన్నెలు, గోడకు ఒక మ్యాపు. బండి బయట రేకుల కింద కవరు కప్పుకుని ఉంది. బ్యాటరీ చచ్చిపోయింది. దాన్ని నడుపుకుంటూ తేవడం నాకు చేతకాదు, పైగా బాపు వెనక కూర్చోలేడు. ఇంటాయన ఒక ట్రాలీ ఆటో మాట్లాడిపెట్టాడు. డ్రైవర్ పేరు జలీల్, ఆదిలాబాద్ మనిషే. భారీ శరీరం, మెత్తని మాట.

తాళాలు తీసి, ట్యాంకులోంచి పెట్రోలు దించి, చెక్కపలక వేసి బండిని ట్రాలీలోకి నెట్టాం. నేను ఇంటి నుంచి తాడు తెచ్చుకున్నాను. నూలు చుట్టిన బీములు, అంటే మనిషెత్తు పెద్ద ఇనుప రోలర్లు, వాటిని ట్రాలీల్లో కట్టే తాడు. అంత బరువు ఆపే తాడు బండినెందుకు ఆపదు అనుకున్నాను. సిరిసిల్ల వాళ్లం ఎవరమైనా అలాగే అనుకుంటాం. కానీ బీము ఉన్నచోట ఉంటుంది. బండి ఊగుతుంది, తాడును రాపిడి పెడుతుంది. ఆ తేడా అప్పుడు నాకు తట్టలేదు.

కట్టే పద్ధతి చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. బండిని స్టాండు మీద పెట్టకుండా నిటారుగా నిలబెట్టాలి. హ్యాండిల్ నుంచి కుడివైపుకొకటి, ఎడమవైపుకొకటి తాళ్లు లాగి ట్రాలీ కొక్కేలకు కట్టాలి. వెనక కూడా అంతే. ముందు తాళ్లు కట్టేటప్పుడు ఒక మనిషి సీటు మీద కూర్చుని హ్యాండిల్ మీద బరువు వేయాలి. షాకబ్జర్లు లోపలికి దిగితేనే తాడు బిగుస్తుంది. జలీల్ ఎక్కి కూర్చున్నాడు, నేను కట్టాను. ఇనుప అంచులు తగిలే చోట నూలు వేస్టు కుక్కాను. కుడివైపు ముందు తాడు దగ్గర మాత్రం వేస్టు అయిపోయి వట్టిగా వదిలేశాను.

ట్రాలీ ఇరుకు. బండి మధ్యలో నిలబడితే రెండు పక్కలా మనిషి ఒదిగి కూర్చునే చోటే మిగిలింది. బాపు పోయి బండికి ఎడమపక్కన కూర్చున్నాడు.

"పెద్దమనిషి ఎన్క కూసుంటె ఎట్లన్నా? ఘాట్ల బగ్గ ఊగుతది. ముందటికి రమ్మను" అన్నాడు జలీల్.

నేను పిలిస్తే బాపు తల అడ్డంగా ఊపాడు. "వాడున్నప్పుడు వాని బండి ఎక్కలే. గిప్పుడన్న వాని పక్కకు కూసుంట. నన్ను లేపకు పెద్దోడా."

కట్టడం అయిపోయాక, బయల్దేరామని మా ఆవిడకు పంపడానికి ఫోనులో ఫోటో తీశాను. ట్రాలీ కుడిపక్క నుంచి తీశాను. అందులో ముందు తాడు కొక్కెం దాకా పూర్తిగా కనిపిస్తుంది. ఎక్కడా ముడి లేదు. బండి అవతల బాపు తలపాగా కనిపిస్తుంది. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది.

నిర్మల్ వైపు వస్తుంటే హైవే మీద లారీ పడి బండ్లు ఆగిపోయాయి. జలీల్ పాత ఘాట్ రోడ్డు పట్టాడు. మధ్యాహ్నం ఎండ బాగానే ఉంది. ఘాట్ దిగుతుంటే ఒక మలుపులో కోతుల గుంపు రోడ్డు మీదికి వచ్చింది. జలీల్ బ్రేకు తొక్కాడు. ట్రాలీ ఒక్కసారి ఒరిగి గుంటలో పడి లేచింది. వెనక నుంచి టప్పుమని చప్పుడు వచ్చింది.

తాడు తెగిన చప్పుడు నాకు తెలుసు. జీవితమంతా విన్నాను. కుడి తాడు తెగితే బండి ఎడమకు పడుతుంది. ఎడమపక్కన బాపు ఉన్నాడు. "ఆపు, ఆపు" అని అరిచాను. మా వెనకే లారీ దిగుతోంది, మలుపులో ఆపే వీలు లేదు. కొంచెం కిందికి దిగాక రోడ్డు వెడల్పైన చోట జలీల్ ఆపాడు. ఆ కాస్త దూరం నేను ఎట్లా కూర్చున్నానో నాకే తెలియదు. తమ్ముణ్ణి తీసుకుపోయిన దారిలోనే బాపునూ తీసుకుపోవాలా అన్న ఆలోచన ఒక్కటే. దూకి వెనక్కి పరుగెత్తాను.

బండి నిటారుగా నిలబడి ఉంది.

బాపు మూలకు ఒదిగి, ఎడమచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. దెబ్బ ఏమీ లేదు. నీళ్లు తాగించాం. అప్పుడు చెప్పాడు.

"తాడు తెగింది. బండి నా మీదికొచ్చింది. ట్యాంకు నా రొమ్ముకు తాకింది. అయిపోయిందనుకుని కండ్లు మూసిన. మల్ల దానంతటదే లేసింది."

తాడు తెగలేదేమో, చప్పుడు వేరే దేనిదో అనుకుంటూ నేను కుడిపక్కకు వచ్చాను. తాడు తెగింది. నేను వేస్టు కుక్కని ఆ ఇనుప అంచు దగ్గరే తెగింది. తాడంతా నూనె మరకలతో నల్లగా ఉంటే, తెగిన కొసలు మాత్రం తెల్లగా, కొత్తగా, పీచులు లేచి ఉన్నాయి. ఆ రెండు కొసలూ కలిపి ముడి వేసి ఉంది. చిన్న ముడి. గట్టిగా బిగిసి ఉంది. ఒక కొస పైకి ఉంది, ఒక కొస కిందికి ఉంది.

జలీల్ ముడి వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నువ్వు కట్టినవా అన్నా?" అన్నాడు. నేను అతని పక్క సీట్లో కూర్చున్న సంగతి అతనికే తెలుసు. అడిగాక అతనికే గుర్తొచ్చినట్టుంది, రెండడుగులు వెనక్కి వేసి పెదవులు కదిలిస్తూ ఏదో చదువుకున్నాడు.

తాడు ఊడదీసి కొత్తగా కడదామని నేను చెయ్యి పెట్టబోయాను. బాపు ట్రాలీ దిగి వచ్చి నా వెనక నిలబడి ఉన్నాడు. "ముట్టకు" అన్నాడు. దగ్గరికి వచ్చి, ఎడమచేతి బొటనవేలితో ఆ ముడిని తడిమాడు. చాలాసేపు తడిమాడు. తర్వాత రోడ్డు పక్కన రాయి మీద కూలబడ్డాడు.

"నిలువదు అన్న గదరా. నిలిసింది" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. పాడె దగ్గర రాని ఏడుపంతా ఆ ఘాట్ రోడ్డు మీద వచ్చింది. పోయే బండ్లవాళ్లు మెల్లగా చేసి చూస్తూ పోయారు. నేనూ ఏడ్చాను, సిగ్గుపడకుండా చెప్తున్నాను.

మళ్లీ బయల్దేరేటప్పుడు నేను కూడా బాపుతో వెనకే కూర్చున్నాను. అప్పుడు ఇంకో సంగతి నా కంట పడింది. తెగిన తాడును ముడి వేస్తే తాడు పొట్టిదవుతుంది. పొట్టి తాడు కొక్కేనికి అందాలంటే హ్యాండిల్ ఇంకా కిందికి దిగాలి. షాకబ్జరు గొట్టం మీద మేం కట్టినప్పుడు సీలుకు పైన కనిపించిన దుమ్ముగీత ఇప్పుడు కనిపించడం లేదు. రబ్బరు సీలు ఆ గీత దాటి పైకి వచ్చి ఉంది. అంటే ముడి పడినప్పుడు ముందు భాగం అంతకు ముందుకన్నా ఎక్కువ దిగింది. ఆదిలాబాద్‌లో జలీల్ లాంటి మనిషి కూర్చుంటేనే ఆ మాత్రం దిగింది. ట్రాలీ కదులుతుంటే ఆ సీటు మీద కూర్చున్నదెవరు?

ఖానాపూర్, జగిత్యాల దాటి వచ్చాం. వేములవాడలో గుడి గోపురం కనిపించినప్పుడు బాపు ఎడమచెయ్యి చాపి బండి వెనక సీటు పట్టుకున్నాడు. ఊరు దాటేదాకా వదల్లేదు.

ఇంటి ముందు ఆగాక పక్కింటివాళ్లు సాయానికి వచ్చారు. ఇద్దరు బండిని వెనక పట్టుకుంటే నేను తాళ్లు విప్పాను. ఎడమవైపుది ముందు విప్పాను. తర్వాత కుడివైపుది, ముడి జోలికి పోకుండా కొక్కెం దగ్గర విప్పాను. తాడు వదలగానే షాకబ్జర్లు టక్కున పైకి లేవాలి. లేవలేదు. తాడు వదులై వేలాడుతోంది, ముందు భాగం దిగే ఉంది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తర్వాత బండి కాస్త ఎడమకు ఒరిగింది. బండి మీది మనిషి ఎడమకాలు కింద పెట్టినప్పుడు ఒరిగినట్టు. ఆ తర్వాత మెల్లగా, నిండుగా పైకి లేచింది.

గడపలో నిలబడి చూస్తున్న బాపు, "దిగిండు" అన్నాడు.

పక్కింటివాళ్లకు ఏమీ అర్థం కాలేదు. ముసలాయన కొడుకు దిగులుతో ఏదో అంటున్నాడనుకున్నారు.

నేను చేయాల్సిన లెక్కలన్నీ చేశాను. తాడుకు ముందే ముడి ఉందేమో అనుకుంటే ఫోటో ఉంది. పైగా కట్టేటప్పుడు ఆ తాడంతా నా చేతుల్లోంచే పోయింది. ముడి ఉంటే నా వేళ్లకు తెలియకుండా ఉండదు. బాపు కట్టాడేమో అనుకుంటే, ఆయనకున్నది ఒక్క చెయ్యి. ముడి పడింది బండికి అవతలి పక్క. నిలబడ్డ బండిని దాటి అటు పోవాలంటే నాకే కష్టం. జలీల్‌కు మళ్లీ ఫోన్ చేసి అడిగాను. "నాకు గా ముడి రాదన్నా. గా దినం యాది చెయ్యకు" అన్నాడు. షాకబ్జర్లు లేవకపోవడానికి సీలు పట్టేసిందేమో అని విప్పి చూశాను. నూనె శుభ్రంగా ఉంది, స్ప్రింగులు బాగున్నాయి. ఎన్నిసార్లు నొక్కినా టక్కున లేస్తున్నాయి. ఆ ముడి కూడా వేసి చూశాను. అదే రకం తాడుతో, తమ్ముడి వాటంలోనే వేశాను. లాగిన ప్రతిసారీ జారిపోయింది.

బండిని అమ్మలేదు. సాంచాల షెడ్డులో, మోటారు పక్కన, పెద్ద స్టాండు మీద ఉంది. గొలుసుకు నూనె పెడతాను, టైర్లలో గాలి చూస్తాను, వాడు పెట్టినట్టే తాళాలు పెడతాను. ముడి ఉన్న తాడు హ్యాండిల్‌కే ఉంది. దాన్ని విప్పొద్దని బాపు మాట తీసుకున్నాడు.

బాపు ఇప్పుడు అన్నం తింటున్నాడు, రాత్రి పడుకుంటున్నాడు. ఆదివారం సాంచాలు ఆపాక నన్ను పిలుస్తాడు. నేను పట్టుకుని బండి మీదికి ఎక్కిస్తాను. కొడుకు రమ్మన్నప్పుడు ఎక్కని బండి మీద, వెనక సీట్లో కూర్చుంటాడు. ముందు సీటు వదిలేస్తాడు. ఎడమచెయ్యి ముందుకు చాపి, నడుము చుట్టూ పట్టుకున్నట్టు పెట్టుకుంటాడు. కాసేపయ్యాక తనే దించమంటాడు.

దయ్యాలున్నాయా అని అడిగితే నాకు తెలియదు. ఉన్నాయని చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు. బాపు పడిపోకుండా భుజం పట్టుకుని నిలబడతాను. ముందు షాకబ్జర్ల వైపు మాత్రం చూడను.